ఇంకొంచెం పెద్దగా

ఆ పదకొండు రోజులూ ఆ గదిలో సంతోషంగా ఉన్నది అక్కయ్య ఒక్కతే. మిగిలిన ఐదుగురూ లినక్స్‌ని తిట్టని పూట లేదు.

పాత జనన మరణాల రిజిస్టర్లను కంప్యూటర్లోకి ఎక్కించే ఆఫీసు అది. కింది గదిలో పేజీలు స్కాన్ చేస్తారు. మేడమీద గదిలో అక్కయ్యతో కలిపి ఐదుగురు, తెరకు ఎడమపక్క కనిపించే పాత చేతిరాత చూస్తూ కుడిపక్క గళ్ళలో టైపు చేస్తారు. ఆరో మనిషి, ఆ అందరిలోకీ చిన్నదైన అమ్మాయి, వాళ్ళు చేసినదాన్ని అసలుతో సరిచూస్తుంది. లాప్‌టాప్‌లు ముసలివై నత్తనడక నడుస్తున్నాయని పైవాళ్ళు వాటిలో ఉన్నదంతా తుడిపించి, పాత మెషీన్ల మీదా తేలిగ్గా నడిచే సిస్టమ్ అని లినక్స్ పెట్టించారు. పెట్టినవాళ్ళు ఒక్కరోజులో పని ముగించుకుని చక్కా పోయారు. మర్నాడు మూతలు తెరిస్తే ప్రతి తెరా అడ్డంగా సాగి ఉంది. అక్షరాలు ఉబ్బిపోయాయి. పేజీని కిందికి జరిపితే ముక్కలు ముక్కలుగా జరిగేది. గళ్ళు సగం తెర బయటికి పోయేవి. వెలుగు తగ్గిద్దామంటే తగ్గేది కాదు.

"ఇది తెరా, పన్ను పోటుకి వాచిన దవడా?" అన్నాడు గొణుగుడు బాబాయి. ఆయన గదిలో అందరికంటే పెద్దవాడు. అయినా మిగతావాళ్ళతోపాటు తనూ ఆమెను అక్కయ్యా అనే పిలుస్తాడు.

అక్కయ్య వాచిన ఆ అక్షరాలను చూస్తూ కూర్చుంది. ఏడాదిగా ఆమె చూపు నడిమధ్య ఒక మసక మరక. ఎటు చూస్తే అటే వచ్చి కూర్చుంటుంది. చిన్న అక్షరాన్ని మొత్తంగా మింగేస్తుంది. పెద్దదాన్ని మింగలేక అంచులు వదిలేస్తుంది. అద్దాలతో పోయేది కాదనీ, ఉన్నది ఉన్నట్టు నిలిస్తే అదే పదివేలనీ కళ్ళ డాక్టరు చెప్పాడు. ఈ సంగతి ఆయనకీ ఆమెకీ తప్ప మూడో మనిషికి తెలియదని ఆమె నమ్మకం.

మునుపొకసారి, పాత మెషీన్ మీద, తెగించి అక్షరాలు పెద్దవి చేసుకుంది. వెనకాల నుంచి వెళ్తున్న గొణుగుడు బాబాయి ఆగి, "ఏంటక్కయ్యా, గోడ మీద పోస్టరు చదువుతున్నావా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, చిన్నవి చేసేసింది. అంతకు ముందు ఏడాదే చేతులు వణికే ఒకాయన్ని, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండని ఆదరంగా చెప్పి ఇంటికి పంపారు. ఆ కొన్నాళ్ళు ఇంకా అవలేదు.

ఇప్పుడు అందరి తెరలూ పోస్టర్లే. ఎవర్ని చూసి ఎవరు నవ్వుతారు? ఆమె వెన్ను కుర్చీకి ఆనించి, మెడ నిలబెట్టుకుని, తల పక్కకి వాల్చకుండా చదివింది. రోజుకి అరవై పేజీలు కనాకష్టంగా చేసేది, డెబ్బై అయిదు చేసింది.

సూపర్వైజరు ఆ లెక్క చూసి గది మధ్యలో నిలబడ్డాడు. "తెర బాగాలేదు, తెర బాగాలేదు అని నా చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నారు. అక్కయ్యదీ అదే తెర కాదూ? ఆవిడకి పనెలా సాగుతోంది? ఆడలేక మద్దెల ఓడన్నారట."

నలుగురి చూపులూ ఆమె మీదికి తిరిగాయి. ఆ మధ్యాహ్నం తిండి దగ్గర ఆమె పక్క కుర్చీ ఖాళీగా ఉండిపోయింది.

*

గురువారం మెకానిక్కు వచ్చాడు. నలభై దాటిన మనిషి. చొక్కా జేబులో మూడు పెన్‌డ్రైవ్‌లు, చేతిలో టీ ఫ్లాస్కు. ఎవరి పేరూ అడగడు, మెషీన్ వెనక అంటించిన నంబరుతోనే మాట్లాడతాడు. గొణుగుడు బాబాయి లాప్‌టాప్ ముందు కూర్చుని తెర మీద నల్లటి కిటికీ ఒకటి తెరిచి ఏవో రెండు ముక్కలు టైపు చేశాడు. వరసలు గలగలా దిగాయి. అందులో ఒక వరస దగ్గర గోరుతో తట్టాడు.

"ఇదిగో, దొరికాడు దొంగ. లినక్స్ ఎక్కించేటప్పుడు తెర నల్లబడి ఉంటుంది. దాన్ని తప్పించుకోడానికి, 'గ్రాఫిక్స్ చిప్పు జోలికి పోకు, ఎలాగోలా బొమ్మ చూపించు' అని మొదట్లోనే ఒక మాట రాసి పడేశారు. పని కాగానే ఆ మాట తీసేయాలి, చిప్పుని నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్ వెయ్యాలి. తీయకుండా పోయారు. స్లాబు వేసి సెంట్రింగు కర్రలు విప్పకుండా పోయినట్టు."

ఆ మాట చెరిపాడు. డ్రైవర్ వేశాడు. రీస్టార్ట్ చేశాడు. తెర ఒకసారి నల్లబడి, రెప్ప కొట్టి, సన్నగా, సూటిగా, గాజులా తేరుకుంది. గొణుగుడు బాబాయి, "అమ్మయ్య, దవడ వాపు తగ్గింది" అన్నాడు.

శుక్రవారం భోజనాల వేళకి ఐదు మెషీన్లు అయిపోయాయి. మెకానిక్కు అక్కయ్య బల్ల దగ్గరికి కుర్చీ లాక్కున్నాడు.

"నాది బాగానే ఉందండీ" అంది ఆమె, చేతులు కీబోర్డు మీంచి తీయకుండా.

"ఎలా బాగుంటుందమ్మా? వాటితో పుట్టిందేగా ఇదీ."

నిజానికి అది వాటితో పుట్టింది కాదు. ఆమె పాతది కాలిపోతే పై అధికారి గదిలోంచి దిగివచ్చిన ఖరీదైన లాప్‌టాప్. మెకానిక్కు దాన్ని తిరగేసి చూసి, "ఓహో" అన్నాడు. ఆ మాట చెరిపాడు, డ్రైవర్ వేశాడు, రీస్టార్ట్ చేశాడు. తెర నల్లబడింది. రెప్ప కొట్టలేదు. పై మూలన ఒక తెల్ల గీత మాత్రం వెలిగి ఆరుతూ నిలబడింది.

మూడు మీటలు కలిపి నొక్కాడు. నల్ల తెర మీద అక్షరాలు పుట్టాయి. వాటితో చాలాసేపు మాట్లాడాడు. ఒకటి తీసి ఇంకొకటి వేశాడు. మళ్ళీ నలుపు. పక్క గదిలోంచి విడి మానిటర్ తెచ్చి తగిలిస్తే దాని మీద బొమ్మ చక్కగా వచ్చింది. అసలు తెర మాత్రం మొండికేసింది.

"ఇందులో చిప్పులు రెండమ్మా" అన్నాడు ఫ్లాస్కు మూత విప్పుతూ. "మామూలు పనికొకటి, బరువు పనికొకటి. ఇద్దరు కోడళ్ళున్న వంటిల్లు ఇది. పొయ్యి అవతలావిడ వెలిగించిందనుకుని ఎవరికి వాళ్ళు గదుల్లో కూర్చున్నారు."

అక్కయ్య నవ్వింది. ఆ గదిలో రెండు వారాల్లో ఆమెతో ఎవరైనా ఇన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారి. ఆయన టీ కాస్త మూతలో పోసి ఇస్తే తీసుకుంది. తాగుతూ, ఇది బాగవకుండా ఉంటే బాగుండునని మనసులో కోరుకుంది. చెమట తుడుచుకుంటూ కష్టపడుతున్న మనిషి పక్కన కూర్చుని, ఆయనిచ్చిన టీ తాగుతూ అలా కోరుకున్నందుకు ఆమెకి సిగ్గేసింది. అయినా ఆ కోరిక పోలేదు.

సాయంత్రానికి ఆయన ఓడిపోయాడు. "ఈ పూటకి పాత మాటే పెట్టి ఇస్తాను, పని ఆగకుండా. సోమవారం పట్టుకుంటా దీన్ని."

"వదిలేయండి, పర్లేదు. నాకు అలవాటైపోయింది."

"మీ మంచితనం కొద్దీ అంటున్నారు గానీ, ఇంత సాగిన తెర మీద పని చేయిస్తే మాకు పాపం" అన్నాడు మెకానిక్కు, నిజంగా నొచ్చుకుంటూ.

సోమవారం పదకొండింటికి తెర వచ్చింది. బరువు పని చిప్పుకి అడ్డుపడుతున్న పాత డ్రైవర్‌ని మళ్ళీ లేవకుండా కట్టేసి, లాప్‌టాప్ తెరను మామూలు చిప్పుకే అప్పజెప్పాడట. మెకానిక్కు రెండు చేతులూ పైకెత్తి, "వచ్చిందండీ!" అన్నాడు. అందరూ లేచి వచ్చి చూశారు. గదిలో అంత మంచి తెర ఇంకొకటి లేదు. అంత సన్నటి అక్షరాలు కూడా లేవు.

"ముత్యాల్లా లేవూ?" అన్నాడు ఆయన.

అక్కయ్యకి తెల్లకాగితం మీద గసగసాలు చల్లినట్టుంది. లినక్స్ రాక ముందుకంటే కూడా చిన్నవి అవి. "చాలా బాగుందండీ" అంది. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు మాత్రం ఆమెకి కనిపించింది.

*

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి తమ్ముడి ఫోన్.

"ఫోటో పంపాను, చూశావా అక్కా?"

ఆమె గుమ్మంలోనే చెప్పులు విడుస్తూ, "చూశానురా. పాప ముద్దొస్తోంది. అచ్చం మీ ఆవిడ పోలికే" అంది.

"ముద్దు రావడమేంటి? మా వెనక గోడకి బీటు పడితే పంపాను. అది మా ఆవిడ పోలికా?"

ఇద్దరూ నవ్వారు. వాడు పడీపడీ నవ్వి, మరదల్ని పిలిచి చెప్పి, మళ్ళీ నవ్వాడు. "పనిలో పడి చూసుండవు. అక్కా, అంతా బాగేనా?"

"నాకేం, నిక్షేపంలా ఉన్నాను."

ఫోన్ పెట్టేశాక ఆ బీటును చూద్దామని కిటికీ దగ్గరికి వెళ్ళి, ఫోను ముక్కుకి ఆనించుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. బూడిదరంగు గోడ ఉంది. బీటు ఎక్కడుందో మరక దాచేసింది. కూర పొయ్యి మీద పెట్టి, ఉప్పో పంచదారో నాలుకకి రాసుకుని తేల్చుకుని, వేసింది. అన్నం తింటుంటే ఇంట్లో పళ్ళెం చప్పుడు ఒక్కటే వినిపించింది.

మంగళవారం నుంచి ఆమె తల మళ్ళీ పక్కకి వాలింది. మరకను తప్పించుకుని చూపు కొసతో చదవడం ఆమె సొంతంగా నేర్చుకున్న విద్య. వెనకాల ఎవరూ లేనప్పుడు ముఖం తెర దాకా తీసుకెళ్ళేది. అడుగుల చప్పుడు వినపడితే వెన్ను నిటారు చేసి, ఏదో ఆలోచిస్తున్నట్టు పైకప్పు వైపు చూసేది. మూడుకీ ఎనిమిదికీ తేడా ఊహే. ఒకటో ఏడో, పై వరసలో ఏముందో గుర్తుంచుకుని టైపు చేసేది. డెబ్బై అయిదు నుంచి ఒక్కసారిగా పడిపోతే అనుమానం వస్తుందని, లెక్క తగ్గకుండా పరుగెత్తింది.

సరిచూసే అమ్మాయి మంగళ బుధవారాలు రాలేదు. కూతురికి జ్వరమట. గురువారం వచ్చి, మూడు రోజుల గుట్ట ముందేసుకుని తల ఎత్తకుండా కూర్చుంది.

శుక్రవారం పొద్దున్నే పైనుంచి నమూనా తనిఖీ కాగితం దిగింది. వారానికి ఇరవై పేజీలు ఏరి చూస్తారు వాళ్ళు. అక్కయ్య పేజీలు నాలుగింటిలో ఏడు తప్పులు. ఒక ముసలావిడ పుట్టిన సంవత్సరం ఐదేళ్ళు ముందుకి జరిగింది. ఒకాయన తను పుట్టక ముందే చనిపోయాడు.

సూపర్వైజరు కాగితం పట్టుకుని నేరుగా సరిచూసే అమ్మాయి బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"ఏడు! ఏడు వదిలేశావు. అక్కయ్య పని నాకు తెలీదా? రెండు వారాలు ఒక్క తప్పు లేకుండా చేసిన మనిషి. ఎక్కడో చెయ్యి జారి ఉంటుంది. చెయ్యి జారడం సహజం. పట్టుకోవడానికేగా నిన్ను కూర్చోబెట్టింది?"

"మూడు రోజులవి ఒక్కరోజులో చూశానండీ" అంది అమ్మాయి.

"చూసిన లక్షణమా ఇది? మనసు ఇంటి దగ్గరుంటే కళ్ళు ఇక్కడుండి ఏం లాభం? రేపట్నుంచి కింద స్కానింగ్‌కి వెళ్ళు. అక్కడ చదవక్కర్లేదు, పేజీ తిప్పితే చాలు."

అమ్మాయి తల తిప్పి అక్కయ్య వైపు చూసింది. ఒక్క క్షణం కంటే ఎక్కువే చూసింది. అక్కయ్య నోరు తెరిచింది.

"పాపం, పిల్లకి జ్వరం కదండీ" అంది.

రావలసిన మాట అది కాదు. ఆ సంగతి ఆమెకే తెలుసు. సూపర్వైజరు, "మీది జాలిగుండె అక్కయ్యా, అందుకే మీ నెత్తికెక్కుతారు" అని వెళ్ళిపోయాడు. అమ్మాయి పెన్నూ, నీళ్ళ సీసా, కూతురి ఫోటో సంచిలో వేసుకుని కిందికి దిగింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు చాలాసేపు వినిపించినట్టనిపించింది అక్కయ్యకి.

*

శనివారం పని మొదలుపెట్టక ముందే ఆమె కింది గదికి వెళ్ళింది. కిటికీ లేని గది. గాజుపలక కింద దీపం వెలిగి ఆరుతోంది. ప్రతి వెలుగులోనూ దుమ్ము లేచి కనబడుతోంది. అమ్మాయి ముక్కుకి చున్నీ కట్టుకుని నిలబడి, పెళుసుబారిన పేజీని రెండు చేతులతో ఎత్తి తిప్పి, గాజు మీద పరిచి, మీట నొక్కుతోంది. కూర్చోడానికి స్టూలు కూడా లేదు.

"ఆ తప్పులు నావి" అంది అక్కయ్య.

"తెలుసు."

"చెయ్యి జారి కాదు. నాకు..."

"తెలుసక్కయ్యా. ఏడాది నుంచీ తెలుసు." అమ్మాయి పేజీ తిప్పడం ఆపలేదు. "మీ దగ్గర మూడు ఎనిమిదవుతుంది. ఒకటి ఏడవుతుంది. మొదట్లో నెలకి ఐదారు, తర్వాత రోజుకి ఐదారు. దిద్దుకుంటూ వచ్చాను. తప్పుల పట్టీలో ఎక్కించలేదు."

అక్కయ్య గోడకి చెయ్యి ఆనించింది. సున్నం చల్లగా తగిలింది. "నాకెందుకు చెప్పలేదే?"

"మీరు చెప్పలేదుగా. చెప్పని మనిషిని ఏమని అడగను?" దీపం వెలిగింది, ఆరింది. "తెరలు పాడైన ఆ పదకొండు రోజులు మీ పేజీల్లో దిద్దడానికి ఒక్కటంటే ఒక్కటి లేదు. అప్పుడర్థమైంది. ఆయన మీ తెర బాగు చేస్తుంటే అడ్డం పడి వద్దని చెబుదామనుకున్నాను. ఏమని చెప్పను? ఈవిడకి పాడైన తెరే మంచిదనా?"

అక్కయ్య ఏడాదిగా తన తంటాలేవో తనే పడుతున్నాననీ, ఎవరి సాయమూ లేకుండా ఒంటిచేత్తో ఈదుకొస్తున్నాననీ అనుకుంది. ఆ గర్వమొక్కటే రాత్రిళ్ళు తోడుగా ఉండేది.

"నీకు నా మీద కోపం రాలేదా?"

"దిద్దినన్నాళ్ళూ రాలేదు." అమ్మాయి మొదటిసారి ఆగి, ముక్కు మీద చున్నీ కిందికి లాగింది. "నిన్న వచ్చింది. మీరు నోరు విప్పుతారని చూశాను. ఇక్కడ నిలబడి కాళ్ళు పీకుతుంటే ఇప్పుడూ వస్తోంది. అబద్ధమెందుకు చెప్పాలి?"

"రావాలి" అంది అక్కయ్య. వెనక్కి తిరిగింది. మెట్లు ఒక్కొక్కటే కాలితో తడిమి ఎక్కింది.

పైన మెకానిక్కు ఉన్నాడు. పని సంతృప్తిగా జరిగిందని ప్రతి మెషీను మీదా సంతకాలు తీసుకుంటున్నాడు. సూపర్వైజరు పక్కనే నిలబడి ఉన్నాడు. అందరివీ అయిపోయాయి. చివరి గడి అక్కయ్యది.

"ఇక్కడమ్మా" అని వేలితో చూపించి పెన్ను ఇచ్చాడు.

ఆమె పెన్ను తీసుకుంది. కాగితం మీద గీతలున్నాయని తెలుస్తోంది. ఏ గీత తనదో తెలియలేదు. పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"సంతకం పెట్టనండీ. నా తెర బాగవలేదు."

"అదేంటమ్మా? మొన్న ముత్యాల్లా..."

"ముత్యాలే అయ్యుంటాయి. నాకు కనిపించవు." గొంతు తను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. "నా చూపు తగ్గిపోయింది. ఏడాదైంది. నిన్నటి ఏడు తప్పులూ నావి. ఆ అమ్మాయి ఏడాదిగా నావి దిద్దుతూనే ఉంది. దిద్దలేనివి ఏడు మిగిలాయి, అంతే. దాన్ని పైకి రమ్మనండి."

సూపర్వైజరు ముఖం ఎర్రబడింది. "ఈ మాట నిన్న చెప్పాల్సింది కదా!"

"చెప్పాల్సింది. భయమేసింది."

ఆయన గడ్డం రుద్దుకున్నాడు. గొంతులోకి ఆదరం వచ్చింది. "సరే అక్కయ్యా. ఇంత కష్టం పెట్టుకుని ఎందుకు చెప్పండి? కొన్నాళ్ళు విశ్రాంతి..."

"విశ్రాంతి వద్దండీ. పెద్ద అక్షరాలు కావాలి."

ఎవరూ నవ్వలేదు. మెకానిక్కు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మొన్న తెరని అడగాల్సినవన్నీ అడిగాను. మిమ్మల్ని ఒక్క ముక్క అడగలేదు" అన్నాడు మెల్లగా. "దీనికోసం మళ్ళీ పాడు చెయ్యక్కర్లేదమ్మా. తెర ఇంత సూటిగానే ఉంటుంది, అక్షరం ఒక్కటే పెరుగుతుంది. సెట్టింగ్స్‌లో ఉంది. చెప్పండి, ఎంత?"

నూటపాతిక శాతం చేశాడు. "చాలా?"

"ఇంకొంచెం."

నూటయాభై. గొణుగుడు బాబాయి కుర్చీ కిర్రుమంది. అటు చూడకుండా, ఆమె, "ఇంకొంచెం పెద్దగా" అంది.

రెండు వందలు. అక్షరాలు గది ఆ కొసకి కూడా కనిపిస్తున్నాయి. ఇక ఎవరు వెనకనించి నడిచినా తెలిసిపోతుంది. ఇవాళే కాదు, రేపూ, ఎల్లుండీ. ఆమె మెడ నిలబెట్టి చూసింది. మరక వచ్చి అక్షరం మీద కూర్చుంది, అక్షరం అంచులు దాని చుట్టూ నిలబడ్డాయి.

"చాలండీ" అంది.

"సోమవారం పైవాళ్ళతో మాట్లాడి చెప్తాను. నా ఒక్కడి చేతిలో లేదు" అన్నాడు సూపర్వైజరు. ఆయన అబద్ధం చెప్పడం లేదని ఆమెకి తెలుసు. "ఆ నాలుగు రోజుల పేజీలూ ఇవాళ మళ్ళీ చూడాలి. ఆ అమ్మాయిని పిలిపిస్తాను. ఒక్కరివల్ల కాదు."

అమ్మాయి జుట్టు మీద దుమ్ముతోనే వచ్చింది. తన కుర్చీ ఈడ్చుకొచ్చి అక్కయ్య పక్కన వేసుకుంది. మంగళవారం పేజీలు తెరిచారు. అక్కయ్య పాత చేతిరాత పైకి చదువుతోంది, అమ్మాయి గళ్ళు చూస్తోంది. ఊఁ అంటుంది, లేదా ఊరుకుంటుంది. ఊరుకున్న చోట దిద్దాలి. మొదటి గంటలో అంతకుమించి ఒక్క మాట లేదు. గొణుగుడు బాబాయి రెండుసార్లు వాళ్ళ వెనకనించి నీళ్ళకి వెళ్ళొచ్చాడు, రెండుసార్లూ కిటికీ వైపు చూస్తూ.

నాలుగో కట్టలో, సిరా అలికిపోయిన ఒక వరస దగ్గర, అమ్మాయి ఆగింది.

"అక్కయ్యా, అక్కడ తల్లి పేరు పక్కన చిన్నగా ఇంకేదో రాసుంది. చూశారా?"

చూశాను అనే మాట అలవాటుగా నాలుక చివరికి వచ్చేసింది. ఆమె దాన్ని మింగింది.

"కనపడలేదే" అంది. "చూపించు."

అమ్మాయి కుర్చీ దగ్గరికి జరుపుకుని, తెర మీద వేలు పెట్టి, అక్షరం అక్షరంగా చూపించింది.